మిద్దె మీద బోరు నీళ్లు: నల్లగొండ, పాలమూరు కుండీల్లో కూరగాయలు ఎందుకు మాడుతున్నాయి

క్లుప్తంగా: దక్షిణ తెలంగాణలో కుండీ కూరగాయలను దెబ్బతీసేవి ముఖ్యంగా రెండు. ఒకటి ఉప్పు బోరు నీళ్లు, రెండోది స్లాబు వేడి. ఎరువులు, మందులు మార్చినంత మాత్రాన ఈ రెండూ తీరవు. పంట కాలాన్ని జూన్‌లో వచ్చే మృగశిర నుంచి ఫిబ్రవరి దాకా జరుపుకోవడం, ఉప్పును తట్టుకునే కూరలు ఎంచుకోవడం, అప్పుడప్పుడూ అడుగు నుంచి కారేదాకా నీళ్లు పోయడం ఎక్కువ పనిచేస్తాయి. స్లాబు ఎంత బరువు మోస్తుందో మొక్కలు పెంచే గ్రో బ్యాగులు కొనకముందే లెక్క చూసుకోవాలి.

2023 జులైలో కిలో టమాటా వంద రూపాయలు దాటినప్పుడు మిద్దె తోటల మీద మళ్లీ ఆసక్తి పుట్టింది. అలాంటి ధరలు వచ్చిన ప్రతిసారీ గ్రో బ్యాగులు, నర్సరీ నారు కొనేవాళ్లు పెరుగుతారు. తర్వాత జరిగేది కూడా దాదాపు ఒకేలా ఉంటుంది. దసరా నాటికి మొక్కలు బాగుంటాయి. సంక్రాంతికి కాయలు చేతికొస్తాయి. శివరాత్రి దాటాక ఆకుల అంచులు మాడడం మొదలవుతుంది. ఉగాది తర్వాత బ్యాగుల్లో ఎండు కట్టెలే మిగులుతాయి. తప్పు విత్తనానిదని కొందరు, ఎరువుదని కొందరు అనుకుంటారు. చాలాసార్లు అసలు కారణం వేర్ల దగ్గర ఉంటుంది.

పెరడు మిద్దె మీదికి ఎందుకెక్కింది

నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట, వనపర్తి లాంటి పట్టణాల్లో నూట యాభై గజాల ప్లాటు ఇప్పుడు మామూలు కొలత. అందులో ఇల్లు, మెట్లు, సంపు, బోరు, బండ్లు పెట్టుకునే జాగా పోగా మట్టి కనిపించే చోటు మిగలదు. పాత ఇళ్లలో అంట్లు తోమిన నీళ్లు పోయే దారిలో పుంటికూర, గోడ మీదికి పాకిన ఆనిగెపు పాదు, బావి పక్కన కల్యమాకు చెట్టు ఉండేవి. వాటికి ప్రత్యేకంగా నీళ్లు పోసిన వాళ్లు తక్కువ. నేల తన పని తాను చేసుకుపోయేది. అదే కూరను మిద్దె మీది బ్యాగులో పెట్టినప్పుడు నేల చేసిన ఆ పనులన్నీ మనిషి నెత్తిన పడతాయి.

కుండీలో నీటి లెక్క

పొలంలో టమాటా వేరు రెండు మూడు అడుగుల లోతుకు దిగుతుంది. పైన ఎండినా కింద తడి ఉంటుంది. 12 అంగుళాల వెడల్పు, అంతే ఎత్తు ఉన్న గ్రో బ్యాగులో పట్టే మట్టి సుమారు 20 లీటర్లు. మొక్క నీటి ఖాతా మొత్తం ఆ ఇరవై లీటర్ల మట్టిలోనే ఉంటుంది.

బ్యాగు మూతి చదరపు అడుగు కూడా ఉండదు, మొక్క గుబురు మాత్రం అంతకు మూడు నాలుగింతలు పరుచుకుంటుంది. నీటిని ఆవిరి చేసేది ఆ గుబురే. ఎండాకాలంలో రోజుకు 8 మిల్లీమీటర్ల నీరు ఆవిరవుతుందనుకుంటే, పావు చదరపు మీటరు గుబురుకు రోజుకు రెండు లీటర్లు కావాలి. వడగాడ్పు వీచిన రోజున ఇంకా ఎక్కువ. ఒక్కపూట నీళ్లు మరిచిపోతే పొలంలో మొక్క వాడిపోతుంది, కుండీలో మొక్క చచ్చిపోతుంది. తేడా అంతే.

దీనికి సరిగ్గా ఎదురుగా ఉన్న సమస్య అడుగున నీరు నిలవడం. అంట్లు తోమే స్పాంజిని పూర్తిగా తడిపి అడ్డంగా పట్టుకుంటే కాసేపు కారి ఆగిపోతుంది. దాన్నే నిలువుగా తిప్పితే మళ్లీ నీళ్లు కారతాయి. స్పాంజి అదే, మారింది ఎత్తు. మట్టి కూడా ఇలాగే అడుగున కొంత మందం మేర నీటిని వదలకుండా పట్టి ఉంచుకుంటుంది. పొట్టి కుండీలో ఆ తడి పొర వేర్ల దాకా వచ్చేస్తుంది, పొడుగు కుండీలో కిందనే ఉండిపోతుంది. కుండీ అడుగున కంకర, పెంకులు పోస్తే నీళ్లు బాగా దిగుతాయన్న నమ్మకం ఇక్కడే తప్పుతుంది. సన్నటి మట్టిలోంచి నీరు కింది కంకరలోకి సులువుగా జారదు. మట్టి పూర్తిగా నానిన తర్వాతే దిగుతుంది. దాంతో తడి పొర కంకర ఎత్తు మేర పైకి జరుగుతుంది, వేర్లకున్న చోటు తగ్గుతుంది. రంధ్రం మీద ఒక పెంకు ముక్క మట్టి జారిపోకుండా ఆపడానికి చాలు.

చలక, రేగడి, కొబ్బరి పొట్టు

ఈ జిల్లాల్లో ఎక్కువగా దొరికేది ఎర్ర చలక మట్టి. పొలంలో మంచిదే. కుండీలో మాత్రం రోజూ నీళ్లు పడేసరికి పైన పెచ్చు కడుతుంది, కింద ఇటుకలా బిగుస్తుంది. రేగడి ఇంకో రకంగా ఇబ్బంది పెడుతుంది. ఎండితే కుంచించుకుపోయి కుండీ గోడ నుంచి విడిపోతుంది. అప్పుడు పోసిన నీళ్లన్నీ ఆ సందులోంచి జారి అడుగు నుంచి బయటికి పోతాయి. చూసేవాళ్లకు నీళ్లు బాగా అందినట్టే ఉంటుంది, వేరు మాత్రం పొడిగానే ఉంటుంది.

అందుకే చలక మట్టి ఒక వంతు, కొబ్బరి పొట్టు ఒక వంతు, బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మీ కంపోస్టు ఒక వంతు కలపడం వాడుకలోకి వచ్చింది. కొబ్బరి పొట్టు తేలిక, తన బరువుకు ఎన్నో రెట్లు నీటిని పట్టుకుంటుంది.  అయితే ఇటుకల రూపంలో వచ్చే పొట్టులో ఉప్పు ఉండొచ్చు, రెండుసార్లు నానబెట్టి పిండి వాడడం మంచిది. పశువుల ఎరువు పచ్చిగా ఉంటే వేరు పురుగు, చెదలు దానితోపాటే మిద్దె ఎక్కుతాయి. గుప్పెడు వేప పిండి కలపడం అందుకే.

అసలు ఇబ్బంది: ఉప్పు

గ్రానైట్ రాతి పొరల్లో ఎంతోకాలం నిలిచిన నీరు రాతిలోని లవణాలను కరిగించుకుని బోరులోకి వస్తుంది. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు ప్రాంతాల ఫ్లోరైడ్ కథ దేశమంతా తెలిసిందే. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో నీటిలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) పెట్టిన పేరే నల్లగొండ టెక్నిక్. కుండీలోని మొక్కకు మాత్రం ఫ్లోరైడ్ కంటే ముందు తగిలేది మొత్తం ఉప్పు.

నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు పెన్నంత ఉంటుంది, కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. వెయ్యి చూపించే బోర్లు ఇక్కడ అరుదేమీ కాదు. వెయ్యి అంటే లీటరుకు ఒక గ్రాము ఉప్పు. రోజుకు రెండు లీటర్ల చొప్పున మార్చి, ఏప్రిల్, మే మూడు నెలలు పోస్తే ఆ ఇరవై లీటర్ల మట్టిలోకి 180 గ్రాముల లవణాలు చేరతాయి. టీ చెంచాకు ఆరు గ్రాములు అనుకుంటే ముప్పై చెంచాలు. మొక్క నీటిని తాగుతుంది, ఉప్పులో చాలా భాగాన్ని వదిలేస్తుంది. అందులో కొంత సున్నంగా గడ్డకట్టి హాని చేయకుండా ఉండిపోయినా, మిగిలింది మట్టిలోనే పేరుకుంటుంది. ఏప్రిల్ నెలలో ఏ మిద్దె ఎక్కి చూసినా మట్టి కుండీ బయటివైపు తెల్లటి చారలు, గ్రో బ్యాగు అంచున గోకితే రాలే తెల్లటి పొడి కనిపిస్తాయి. అది ఎరువు కాదు, నిమ్మతొన మీద చల్లుకునే ఉప్పుకు చుట్టం.

మట్టిలో ఉప్పు పెరిగితే నీళ్లున్నా వేరు పీల్చుకోలేదు. ముదురు ఆకుల అంచులు ముందు గోధుమ రంగుకు మారి, లోపలికి మాడుతూ వస్తాయి. దాన్ని నీటి కొరత అనుకుని ఉదయం ఒక మగ్గు, సాయంత్రం ఒక మగ్గు పోస్తారు. అడుగు నుంచి చుక్క కూడా బయటికి రాకుండా కొంచెం కొంచెం పోయడం కన్నా ఉప్పును నిలవ చేయడానికి మంచి పద్ధతి లేదు. పొలంలో ఈ పనిని వాన చేస్తుంది, ఉప్పును వేర్ల కిందికి కడిగేస్తుంది. కుండీలో ఆ పనికి మనిషే పూనుకోవాలి. పది పన్నెండు రోజులకోసారి, పోసిన నీటిలో నాలుగో వంతైనా రంధ్రాల నుంచి కారిపోయేలా నిదానంగా పోయాలి. ఆ నీటితోపాటు నత్రజని కూడా కొట్టుకుపోతుంది కాబట్టి మర్నాడు పలచటి ఎరువు నీళ్లు ఇవ్వాలి.

ఇంట్లో దొరికే నీళ్లన్నీ ఒకటి కావు. నీటి శుద్ధి యంత్రం వదిలేసే నీళ్లను వృథా చేయడం ఎందుకని చాలా ఇళ్లలో మొక్కలకు పోస్తున్నారు. మూడు లీటర్ల బోరు నీళ్ల నుంచి ఒక లీటరు మంచి నీళ్లు వస్తే, ఆ మూడు లీటర్ల ఉప్పు దాదాపు మొత్తం మిగిలిన రెండు లీటర్లలోకి చేరుతుంది. వెయ్యి ఉన్న టీడీఎస్ పదిహేను వందలు అవుతుంది. ఆ నీళ్లు బండలు కడగడానికి పనికొస్తాయి. ఏసీ పైపు నుంచి చుక్కలుగా పడే నీళ్లలో మాత్రం ఉప్పు దాదాపు ఉండదు, అవి కుండీలకు బంగారం. మిషన్ భగీరథ కింద వచ్చే కృష్ణా నీళ్లు బోరు కంటే మేలు. వేసవిలో తాగడానికే సరిపోకపోతే బోరు నీటిలో సగం కలిపినా ఉప్పు సగానికి దగ్గరగా తగ్గుతుంది.

ఫ్లోరైడ్ నీళ్లు పోస్తే కూరలోకి వస్తుందా అన్న టెన్షన్ నల్లగొండ జిల్లాలో సహజం. వేరు పీల్చిన ఫ్లోరైడ్‌లో ఎక్కువ భాగం వేర్ల దగ్గరే ఆగుతుంది. కాయల్లోకి చేరేది తక్కువ, ఆకుల్లోకి దానికంటే ఎక్కువ. మనిషి ఒంట్లోకి ఫ్లోరైడ్ చేరే పెద్ద దారి మాత్రం తాగే నీరు, వండే నీరు. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించకూడదన్న పరిమితి అందుకే. ఫ్లోరైడ్ ఎక్కువున్న గ్రామాల్లో ఆకుకూరలకు వాన నీళ్లో, నల్లా నీళ్లో వాడి బోరు నీటిని కాయ మొక్కలకు ఉంచుకోవడం తెలివైన పంపకం.

ఫ్లోరైడ్ ఎక్కువున్న నీటిలో సాధారణంగా సోడియం, బైకార్బొనేట్ ఎక్కువ, కాల్షియం తక్కువ. దీనివల్ల మట్టి క్షార గుణానికి తిరిగి ఇనుము మొక్కకు అందదు. లేత ఆకులు పసుపుగా, ఈనెలు మాత్రం పచ్చగా కనిపిస్తాయి. ముదురు ఆకు అంచు మాడితే ఉప్పు, లేత ఆకు పసుపైతే ఇనుము అని గుర్తుపెట్టుకోవచ్చు. లీటరు నీటికి ఐదు గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), ఒక గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పూట ఆకుల మీద చల్లితే తేరుకుంటాయి. మట్టికి చెంచాడు జిప్సం సోడియంను తగ్గిస్తుంది. పొయ్యి బూడిద చల్లే అలవాటు ఇలాంటి నీటి దగ్గర పనికిరాదు, బూడిద క్షారాన్ని ఇంకా పెంచుతుంది.

స్లాబు వేడి

రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయని సామెత. ఈ జిల్లాల్లో మే నెలలో 43, 44 డిగ్రీలు మామూలే. అది నీడలో కొలిచిన గాలి వేడి. చెప్పులు లేకుండా అడుగు వేయలేని స్లాబు మీద, పడమటి ఎండ తగిలే నల్ల కుండీ గోడ అంతకంటే చాలా ఎక్కువ కాగుతుంది. నేలలో అరడుగు లోతున వేరు చల్లగా ఉంటుంది. కుండీలో వేర్లు ఎక్కువగా గోడనే అంటిపెట్టుకుని పెరుగుతాయి కాబట్టి ముందు ఉడికేది అవే.

మధ్యాహ్నం మూడింటికి ఆకులు వేలాడుతుంటే వెంటనే నీళ్లు పోయడం అందరూ చేసే పని. వేడెక్కిన వేరు నీటిని పీల్చే వేగం ఆకు ఆవిరి చేసే వేగాన్ని అందుకోలేనప్పుడు, మట్టిలో తడి ఉన్నా ఆకు వాలుతుంది. ఎండ తగ్గాక అదే లేస్తుంది. రెండు అంగుళాల లోతుకు వేలు పెడితే తడి తగిలిందంటే నీళ్లు అక్కర్లేదు. పైగా నల్ల ట్యాంకు నుంచి ఆ వేళకు వచ్చే నీళ్లు స్నానానికి కూడా వేడే. తెల్లవారి ఆరులోపు పోసిన నీళ్లే మొక్కకు పట్టేవి.

కుండీ రకాన్ని బట్టి కూడా తేడా ఉంటుంది. మట్టి కుండీ గోడ నుంచి నీరు చెమర్చి ఆవిరవుతూ లోపల చల్లబరుస్తుంది, రంజన్‌లో నీళ్లు చల్లబడే సూత్రమే. బదులుగా నీళ్లు ఎక్కువ తాగుతుంది. తెల్లటి పెయింట్ బకెట్ వేడిని కొంత తిప్పికొడుతుంది, అడుగున నాలుగు రంధ్రాలు పెడితే చవకైన కుండీ. బియ్యం సంచి ఒక్క ఎండాకాలానికే పొడిపొడిగా రాలిపోతుంది. ఏ కుండీ అయినా రెండు ఇటుకల మీద ఎత్తి పెడితే స్లాబు వేడి నేరుగా తగలదు, అడుగున నీరు ఆగదు, స్లాబు చెమ్మ పట్టదు. విడివిడిగా పెట్టిన బ్యాగుల కంటే గుంపుగా పెట్టిన వాటిలో నడిమివి బాగుంటాయి. ఒకదాని నీడ ఇంకోదానికి పడుతుంది. మార్చి నుంచి 50 శాతం ఎండను ఆపే గ్రీన్ నెట్ కట్టడం మామూలే కానీ, దాన్ని నెత్తి మీద మాత్రమే కట్టి పడమర వైపు వదిలేయడం వల్ల సగం ఫలితమే వస్తుంది.

ఏ కూర, ఏ నెలలో

ఇక్కడే ఆశకూ లెక్కకూ పొసగదు. టమాటా పూత కాయగా నిలవాలంటే పగలు 35 డిగ్రీల లోపు, రాత్రి పాతిక లోపు ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో అది జరగని పని. అందుకే జూన్, జులైల్లో మార్కెట్‌లో టమాటా కొరత వచ్చే సమయానికి మిద్దె మీద కూడా కాయ ఉండదు. కారణం రెండు చోట్లా ఒకటే. మిద్దె టమాటా విరగ కాసేది డిసెంబరు, జనవరిలో. సరిగ్గా అప్పుడే అంగడిలో కూడా చవక. కుండీలో ఒక మొక్క సీజన్ మొత్తానికి రెండు కిలోలు ఇస్తే బాగా ఇచ్చినట్టే. మట్టి, బ్యాగు, నెట్ ఖర్చుతో చూస్తే టమాటా కోసం మిద్దె తోట పెట్టడం లాభసాటి కాదు. రుచి కోసమైతే వేరే సంగతి.

ఆకుకూర లెక్క వేరు. తోటకూర నెల తిరక్కముందే కోతకొస్తుంది. అరడుగు లోతున్న తొట్టి చాలు, నాలుగు గంటల ఎండ చాలు. పూత రాలుతుందన్న బెంగ లేదు. నాలుగు తొట్లలో వారం వారం ఎడంగా చల్లుకుంటే వారంలో రెండు పూటలైనా ఇంటి కూర వస్తుంది.

ఉప్పును తట్టుకునే శక్తి కూడా కూరకూ కూరకూ మారుతుంది. చిక్కుడు జాతిలోనే బీన్స్ ఉప్పు నీటికి అందరికంటే ముందు చేతులెత్తేస్తే, గోకరకాయ అన్నిటికంటే గట్టిగా నిలబడుతుంది. పాలకూర బీట్‌రూట్ కుటుంబానిది కాబట్టి బాగానే ఓర్చుకుంటుంది. గంగవాయిల కూరను విత్తాల్సిన పనే లేదు, ఉప్పు మట్టిలోనూ దానంతట అదే మొలుస్తుంది. టమాటా నడిమి రకం. మిర్చి దానికంటే సున్నితం.

వీటన్నిటినీ కలిపి చూస్తే మిద్దె పంట సంవత్సరం మృగశిర కార్తెతో, అంటే జూన్ రెండో వారంతో మొదలవుతుంది. బెండ, గోకర, బీర, కాకర అప్పుడు నేరుగా విత్తుకోవచ్చు. వంగ, మిర్చి నారు జులైలో. టమాటా నారు ఆగస్టు నుంచి అక్టోబరు దాకా నాటుకోవచ్చు. మెంతి, కొత్తిమీర, పాలకూర, ముల్లంగి దీపావళి చలికి బాగుంటాయి. ఫిబ్రవరి తర్వాత కొత్తగా నాటేవి తోటకూర, పుంటికూర, బచ్చలి మాత్రమే అయితే నష్టం తక్కువ. ఏప్రిల్, మే నెలల్లో సగం బ్యాగులను ఖాళీగా ఉంచి, పైన ఎండుటాకులు కప్పేయడంలో తప్పేమీ లేదు. రైతు కూడా ఆ నెలల్లో చేనును ఊరికే వదిలేస్తాడు.

తీగ జాతికి కనీసం 40 లీటర్ల కుండీ కావాలి. బీర, ఆనిగెపు పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. పిందెలు పసుపెక్కి రాలుతుంటే పరాగం అందలేదని అర్థం. మగ పువ్వును తెంపి దీపాలు పెట్టే వేళకు ఆడ పువ్వుకు తాకిస్తే కాయ నిలుస్తుంది. కాకరకు ఈ పని పొద్దున చేయాలి.

కోతుల సంగతి ఏ శాస్త్రానికీ అందదు. అవి తిరిగే వీధుల్లో కాకర, మిర్చి, పుంటికూరలతో సరిపెట్టుకునే ఇళ్లే ఎక్కువ.

స్లాబు ఎంత మోస్తుంది

మనుషులు ఎక్కి తిరిగే చదును మిద్దెకు భారతీయ ప్రమాణాల ప్రకారం లెక్కలోకి తీసుకునే అదనపు బరువు చదరపు మీటరుకు 1.5 కిలోన్యూటన్లు, అంటే సుమారు 150 కిలోలు. చదరపు మీటరు గజం కంటే కాస్త ఎక్కువ. తడిసిన చలక మట్టి నింపిన 12 అంగుళాల బ్యాగు 35 కిలోల పైనే తూగుతుంది. కొబ్బరి పొట్టు, ఎరువు కలిపితే పాతిక కిలోలకు దిగుతుంది. అదే బ్యాగులను సందు లేకుండా పేర్చితే చదరపు మీటరుకు తొమ్మిది పడతాయి. ఉత్త మట్టితో మూడు వందల కిలోలు దాటుతుంది, తేలిక మిశ్రమంతో కూడా రెండు వందలు దాటుతుంది. ఇటుకలు పేర్చి అడుగు మందాన మట్టి పోసిన మడి అయితే అరటన్ను. బ్యాగుల మధ్య నడిచే దారి వదలడం, బరువైన కుండీలను గదుల గోడలు, దూలాల మీదుగా వరుసలో పెట్టడం, స్లాబు నడుమను ఖాళీగా ఉంచడం ఇందుకే. పాత మిద్దెలు, చెమ్మ దిగే మిద్దెల విషయంలో ఇంజినీరును అడగకుండా మడులు కట్టకూడదు.

వాన నీటి డ్రమ్ము

మిద్దె బరువుకు ఒక హద్దు ఉంటే, మిద్దె మీద పడే నీటికి ఇంకో లెక్క ఉంది. వంద చదరపు మీటర్ల స్లాబు మీద పది మిల్లీమీటర్ల వాన కురిస్తే వెయ్యి లీటర్లు. వాన కొరతకు పేరుపడ్డ పాలమూరులో కూడా ఆ మాత్రం జల్లు సీజన్‌లో ఎన్నోసార్లు పడుతుంది. అదంతా పైపు గుండా మోరీలోకి పోతుంది. మొదటి వాన దుమ్మును కడిగేశాక, పైపు కింద రెండు వందల లీటర్ల డ్రమ్ము పెట్టి మూత బిగిస్తే దోమలు చేరవు. ఆ నీటిలో టీడీఎస్ మీటరు ముంచితే సాధారణంగా వందలోపే చూపిస్తుంది. వేసవంతా బోరు నీళ్లు తాగిన బ్యాగులను ఆరుద్ర వానల్లో నెట్ తీసేసి తడవనిస్తే, అడుగున మొదట బురద రంగు నీళ్లు కారతాయి. మీటరు చేతిలో ఉంటే ఆ నీటినీ కొలవచ్చు. అంకె బోరు నీటి కంటే కిందికి దిగిన రోజున ఆ బ్యాగులో బెండ గింజ వేసుకోవచ్చు.